చెల్లెలి వంతు టీకా

మా గోడౌన్లో బస్తాల మూతులు కుట్టే దబ్బనం మామ బనీనుతోనే పని చేస్తాడు. దారం పళ్ళతో తెంపుతాడు, ఎవరేమన్నా నవ్వేసి ఊరుకుంటాడు. ఆయన ఈడు వాళ్ళకి మశూచి టీకా మచ్చ ఒక చేతికే ఉంటుంది. ఆయనకి మాత్రం రెండు చేతులకీ ఉంది, పావలా కాసంత. "నీకు రెండు ప్రాణాలా మామా?" అని ఆటపట్టించినా నవ్వేవాడు. మొన్న కూలీలందరికీ ధనుర్వాతం సూది వేయడానికి నర్సమ్మ వచ్చింది. సూదంటే వణికిపోయే బక్కోడు బస్తాల చాటుకి చేరి, "మామా, నీకు భయం లేదుగా, నా వంతు కూడా నువ్వే పొడిపించుకో," అన్నాడు.

మామ నవ్వలేదు. దబ్బనం పక్కన పెట్టి, వాడి చెయ్యి పట్టుకుని వరుసలోకి లాక్కొచ్చాడు. "ఒకసారి ఆ పని చేశాన్రా," అన్నాడు. తనకి ఏడేళ్ళప్పుడు టీకాలవాళ్ళని చూసి చెల్లెలు గుక్కపట్టి ఏడ్చిందట. ఆ ఏడుపు చూడలేక, తనది అయ్యాక మళ్ళీ వరుసలో నిలబడి రెండో చెయ్యి చాపాడట. ఇంట్లో ఇద్దరు పిల్లలకి రెండు టీకాలని లెక్క సరిపోయింది, మొహం ఎవరూ చూడలేదు. ఆ ఏడే చెల్లెలికి మశూచి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ కళ్ళు పోయాయి.

"అప్పుడు చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు మామా," అన్నాడు బక్కోడు.

"అదీ ఆ మాటే అంటుందిరా. రోజూ నేను పనికి బయల్దేరేటప్పుడు ఈ మచ్చ తడిమి, 'నా టీకా జాగ్రత్త అన్నయ్యా' అని నవ్వుతుంది. ఒక్కసారి తిట్టినా బాగుండేది."

బక్కోడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.