మిరపకాయలు ఎత్తని ఆదివారం

ఆ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు గురజాలలో మా గ్రౌండుకు వెళ్లాను. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బును ఏళ్ల తరబడి నడిపిన మా అన్నయ్య పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆయన పేరు మీద ఆరోజు మ్యాచ్ పెట్టారు. మాచర్ల టీము ముందే వచ్చి కూర్చుంది.

గ్రౌండంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి.

మిరప సీజనులో అన్నయ్య ప్రతి శనివారం రైతుల ఇళ్లకు వెళ్లి గ్రౌండు ఖాళీ చేయమని అడిగేవాడు. ఆదివారం మధ్యాహ్నానికి వాళ్లు కాయలు ఎత్తి, కుప్పచేసి పట్టా కప్పేవారు.

"మ్యాచ్ ఉందని గ్రూపులో పెట్టాం గదా బాబాయ్," అన్నాడు మా కెప్టెన్ రఫీ.

"గ్రూపేందిరా? నాది బటన్ ఫోను," అన్నాడు కాయలు తిరగేస్తున్న రైతు ఏసోబు. "బంతి తన్నడానికి కాళ్లున్నయ్, మా ఇంటిదాకా రావడానికి లేవా?"

రఫీ పంతం కొద్దీ ఒక మూల ఖాళీలో ఆట మొదలుపెట్టించాడు. మొదటి షాటుకే బంతి కాయల్లో పడింది. దాన్ని తీసిన గోల్‌కీపర్ అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అందరూ అతని కళ్లకు నీళ్లు కొడుతూ ఉండిపోయారు. మాచర్ల వాళ్లు బస్సెక్కారు.

"వచ్చే శనివారం మీరే వెళ్లి అడగండి," అన్నాను. రఫీ తలూపాడు. ఎవరూ వెళ్లలేదు.

క్లబ్బు గెలిచిన కప్పులన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. ఇన్ని గెలిచినవాళ్లు రైతుల ఇళ్లదాకా వెళ్లలేకపోయారని, వాటిని చూసినప్పుడల్లా నాకు విసుగొస్తుంది. ఇప్పుడు ఆదివారం గ్రౌండులో ఎవరూ మిరపకాయలు ఎత్తడం లేదు.