అత్తమ్మ మొటిమలు

మా మేనత్త లేదు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం మిర్యాలగూడలో, మామ మంచినీళ్లు తాగిస్తుండగానే ప్రాణం విడిచింది. కబురు విని సూర్యాపేటలో బస్సెక్కినప్పటి నుంచి దిగేదాకా నా చెయ్యి ఫోన్ మీదే ఉంది, ఆమె వీడియో కాల్ చేస్తుందేమోనని. పిచ్చిదాన్ని.

పదో తరగతిలో నా ముఖం నిండా మొటిమలు. అద్దం ముందు కూర్చుంటే చాలు, అత్తమ్మ వెనకనుంచి వచ్చి చేతి మీద ఒక్కటిచ్చేది. "గిల్లకు కోడలా, మచ్చలు పడ్తయ్." మా చుట్టాల్లో ఏ పెళ్లయినా పెళ్లికూతురికి మొదటి పసుపు ఆమె చేతిదే.

రెండేళ్ల కింద ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. రోజూ ఒక మాత్ర. కొన్నాళ్లకే ముక్కు, బుగ్గలు, ఛాతీ నిండా ఎర్రటి పొక్కులు. గోళ్ల అంచులు వాచిపోయాయి. భయపడి పరుగెత్తితే డాక్టరమ్మ క్రీమ్ రాసిచ్చింది. "ఈ మందుకు ఇవి వస్తాయి. చాలామందిలో మందు పనిచేస్తోందనడానికి ఇదొక గుర్తు. ఎండకు తిరగొద్దు, గిల్లొద్దు."

గుర్తన్న ఆ ఒక్క మాట పట్టుకుంది అత్తమ్మ. రోజూ పొద్దున ఫోన్‌కు దగ్గరగా బుగ్గ పెట్టి చూపేది. "సూడు కోడలా, ఇంకో రెండు లేసినయ్! ఈ వయసుల మొటిమలు! మీ మామను మళ్ల పెండ్లిసూపులకు రమ్మను." దురదకు ఆమె చెయ్యి పైకి లేస్తే నేను అరిచేదాన్ని: "గిల్లకు అత్తమ్మా!"

కోదాడలో బంధువుల పెళ్లికి వెళ్తే అది అంటురోగమనుకున్నారు. "మీరు కూర్చోండి వదినగారూ, పసుపు మేం పెడతాం లెండి" అంది పెళ్లికూతురి తల్లి. అంటుకునేది కాదని నేను చెప్పేలోపే అత్తమ్మ పసుపుగిన్నె కింద పెట్టేసింది. తిరుగు బస్సులో కొంగు ముఖం మీదికి లాక్కుని, "పోనీ తియ్. ఇవి ఉంటెనే గద నేనుండేది" అంది.

ఈ ఎండాకాలం ఆ మందు ఇక పనిచేయడం లేదన్నారు. మాత్ర మాన్పించి వేరే మందు పెట్టారు. ముఖం మెల్లగా నున్నబడింది. చూడవచ్చినవాళ్లంతా "మొఖం తేటబడ్డదక్కా, ఇగ నయమైనట్టే" అని సంబరపడ్డారు. అత్తమ్మ నవ్వేది. ఒకరోజు నేను వెళ్లేసరికి అద్దం ముందు కూర్చుని బుగ్గలు తడుముకుంటోంది. "ఒక్కటన్న లేస్తలేదు బిడ్డా" అంది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

శుక్రవారం సాయంత్రం స్నానం చేయించాక ఆమె ముఖానికి పసుపు నన్నే రాయమన్నారు. "మొఖం ఎంత కళగున్నదో సూడు" అంటున్నారెవరో వెనక. నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం. చాలు బిడ్డా అని మామ అంటున్నా నా వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి. ఒక్కటి కూడా తగల్లేదు.