మెల్లగా అడిగిన ప్రశ్నలు

ఉదయం ఏడుంబావుకు పాలు పొంగుతుండగా బెల్ మోగింది. తలుపు తీస్తే నలభై దాటిన ఒకావిడ, చేతిలో అరటిపళ్ల సంచితో నిలబడి ఉంది. "వకీలన్న ఉన్నడా వదినా?" అంది.

మావారు అప్పటికి చాలా ఏళ్లుగా లేబర్ కోర్టులో యాజమాన్యాల తరఫున వాదిస్తున్నారు. అంతకుముందు కబడ్డీ ఆడేవారు. మోకాలు దెబ్బతిన్నాక లా చదివారు. అమీర్‌పేటలో మా ఇంటి ముందు గదే ఆయన ఆఫీసు.

వచ్చినావిడ పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. తల్లికి బాగాలేదని సూపర్‌వైజరుకు చెప్పి ఊరెళ్లింది. తిరిగొస్తే గేటు దగ్గరే ఆపేశారు. తనంతట తానే పని మానేసిందని ఆసుపత్రి వాదన. ఉద్యోగం తిరిగి ఇప్పించమని ఆమె కేసు వేసింది. ఆసుపత్రి వకీలు మావారు. కోర్టులో ఆమెను క్రాస్ ఎగ్జామిన్ చేయాల్సింది ఆ రోజే. అవతలి పక్షం మనిషి అలా ఇంటికి రాకూడదని ఆమెకు తెలియదు. ఆయనకు తెలుసు. అయినా కూర్చోమన్నారు.

"మీరు మా ఊర్ల ఆడిండ్రన్నా. నేను చిన్నగున్నప్పుడు చూసిన. కోర్టుల జర మెల్లగ అడుగుండ్రి. గట్టిగ అడిగితే నాకు నోరు రాదు."

"గట్లనే చెల్లె. ఫికర్ చెయ్యకు."

నేను టీ ఇచ్చేసరికి ఆయన ఆనాటి ఆట గురించి మాట్లాడుతున్నారు.

"ఆ దినం వాన పడ్డది గద?"

"ఆఁ అన్నా."

"కాదు కాదు, మస్తు ఎండ కొట్టింది."

"ఆఁ అన్నా."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. వింటున్నానని పెద్దవాళ్లకు తెలియడానికి అనే ఆఁ అది. మా కృష్ణా జిల్లాలో ఊఁ అంటాం. ఆయన నవ్వలేదు. అలాంటివే ఇంకో రెండు అడిగి చూశారు.

సాయంత్రం హుషారుగా ఇంటికొచ్చారు. "ఒక్కసారి సుత గొంతు లేపలే. నువ్వే పని ఇడిసిపెట్టి పోయినవ్ గద చెల్లె అన్న. ఆఁ అన్నా అన్నది. సూపర్‌వైజర్‌కు చెప్పలే గద అన్న. ఆఁ అన్నా. నిజమే అని ఒప్పుకున్నట్టు కోర్టుల రాసుకున్నరు. అయిపాయె."

"ఆవిడ వకీలు ఏం చేస్తున్నాడు?"

"ఫోన్ చూస్కుంటుండు."

"వింటున్నానని కదండీ ఆవిడ అనేది?"

"నాకు తెల్వదా? కబడ్డీల కూతకు పోయినోడు మొఖాలు చూడొద్దు, కాళ్లు చూడాలె. ఏ కాలు ముందల పడ్తదో తెలిస్తే సాలు."

ఆమె గొంతు అనుకరిస్తూ ఇంకోసారి చెప్పారు. ఆ అనుకరణకు నేను నవ్వాను. తర్వాత అన్నం వడ్డించాను. ఆమె కేసు ఓడిపోయింది.

ఆయన గుండెపోటుతో పోయి ఏడాది కావస్తోంది. పరామర్శకు వచ్చిన వకీళ్లందరూ ఒకటే మాట అన్నారు, కోర్టులో ఏనాడూ గొంతు పెంచని మనిషని. తల ఊపుతూ కూర్చున్నాను.

ఆయన పోయిన కొన్ని నెలలకు అమీర్‌పేట కూరగాయల సందులో ఆవిడ ఎదురైంది. కోచింగ్ పిల్లల హాస్టల్లో గిన్నెలు తోముతోందట.

"అన్న మంచిగున్నడా వదినా?"

చెప్పాను. సంచి కింద పెట్టి ఏడ్చింది.

"మా వకీలే దండుగ మనిషి. అన్న పాపం, మాటిచ్చినట్టే మెల్లగ అడిగిండు."

ఒక్క వాక్యం చాలు, తన ఆఁతోనే ఆయన గెలిచారని ఆమెకు తెలిసిపోయేది. నా చెయ్యి ఆమె చేతుల్లో ఉంది. ఆయన మీద ఆమెకున్న గౌరవం ఎందుకు చెడగొట్టాలని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. నేను కాపాడుకున్నది నన్ను.

ఆ తర్వాత రెండుసార్లు ఆమెను దూరం నుంచే చూసి పక్కకు తిరిగిపోయాను. ఇప్పుడు కూరగాయలు ఫోన్లో తెప్పించుకుంటున్నాను. ఆ సందుకు వెళ్లడం లేదు.