మానిందని రాయడానికి

మొన్న తిరువూరు బస్టాండులో బస్సెక్కితే, దగ్గర్లోని నెమలి అనే ఊళ్లో స్వామి గుడికి వెళ్లొచ్చిన ఒకాయన నా ముందు సీట్లో కూర్చున్నాడు. కొత్త గుండు, దాని మీద తడి ఆరని గంధం. ఆ వాసనకు భక్తి కలగాలి. నాకు మాత్రం సుందరరామయ్యగారు గుర్తొచ్చి చిరాకు ముంచుకొచ్చింది.

నాకు వార్త రాయడం నేర్పింది ఆయనే. ఇక్కడి పత్రికాఫీసులో మా ఇన్‌ఛార్జి. షుగరు వల్ల ఎడమ చీలమండ దగ్గర పడిన పుండు ఏళ్ల తరబడి మానలేదు. ఆ కాలు స్టూలు మీద పెట్టుకునే మా వార్తలు దిద్దేవారు. "నువ్వు చూశావా? చూడకుండా ఎలా రాశావు?" రోజూ ఇదే పాట. వాన పడిందని రాసినా, తడిశావా అని అడిగే మనిషి.

చివరికి కాలు తీసేయాల్సి రావచ్చన్నారు. బతిమాలి విజయవాడ తీసుకెళ్లాను. తల వెనుక నుంచి వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి పుండులో నాటితే, వాటి చుట్టూ కొత్త చర్మం పుట్టే అవకాశం ఉందని అక్కడి డాక్టరమ్మ చెప్పారు. జుట్టు కాస్త కురచగా కత్తిరించుకుని రమ్మన్నారు. తీరా ఆ రోజు ఆయన నున్నటి గుండుతో, గంధంతో కారెక్కారు.

"ఇదేంటి సార్?"

"కాలు నిలబడితే జుట్టిస్తానని నెమలి స్వామికి మొక్కుకున్నానయ్యా."

"నిలబడ్డాక కదా ఇవ్వాలి! జరక్కముందే వార్త రాయొద్దని మమ్మల్ని తిట్టేది మీరేగా?"

"వార్త వేరు, స్వామి వేరు. పోనీయ్."

డాక్టరమ్మ తల పట్టుకున్నారు. "కుదుళ్లు లోపలే ఉన్నాయిలెండి. కానీ వెంట్రుక కనపడకపోతే అది ఏ వాలున ఉందో నాకెలా తెలుస్తుందండీ? మొలిచాక రండి." అవతల పుండు పెద్దదవుతుంటే మేం జుట్టు కోసం ఎదురుచూశాం. రోజూ ఆఫీసులో ఆయన వెనక నిలబడి తల తడిమి చూడటం కూడా నా డ్యూటీయే అయింది.

మొత్తానికి నాటారు. కొన్ని వారాలకు పుండు మధ్యలో లేత గులాబీ చుక్కలు కనిపించాయి. ఈ కొత్త వైద్యంతో పుండు మానిందని సంబరంగా వార్త రాసిచ్చాను. "మానిందంటావేంటి? ఈ మూల తెరిచే ఉందిగా" అని కొట్టేశారు. కొన్నాళ్లాగి మళ్లీ ఇచ్చాను. "ఇంకా చెమ్మగా ఉందయ్యా. నీకంత తొందరేంటి?" ఆ తర్వాత కట్టు విప్పి చూపించడమే మానేశారు. అడిగితే, "మానితే నేనే చెప్తాగా" అనేవారు. చెప్పలేదు. ఒక ఉదయం గుండెపోటుతో పోయారు.

పాడె మీదికి చేర్చేముందు పంచె అంచు కాస్త పైకి జరిపాను. "ఏంటి బాబూ?" అన్నారు ఆయన భార్య.

"చూస్తున్నానమ్మా."

చర్మం పూర్తిగా మూసుకుంది. పొడిగా ఉంది. నడుమ ఒక తెల్ల వెంట్రుక కూడా మొలిచింది. సాయంత్రం ఆఫీసుకెళ్లి, మానిందని రాశాను.

ఇప్పటికీ ఎవరైనా ఫోన్లో వార్త చెబితే, చెప్పులేసుకుని బయలుదేరతాను. ఎండలో ఆయన్ని తిట్టుకుంటూనే.