బరటారియా నీళ్ల మీద అడుగుల చప్పుడు

ప్లేనో నుంచి లఫీట్‌కి కారులో దాదాపు పది గంటలు పడుతుంది. వెళ్లాలనుకునేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరడం మంచిది. లూసియానాలో ఆ చివరి రోడ్డు మీద చీకటి పడితే దిక్కు తెలియదు. మేము 2013 మార్చిలో ఒక గురువారం ఉదయం ఐదున్నరకి బయల్దేరాం. డ్రైవింగ్ సుజాతది. సుజాత నా తమ్ముడి కూతురు, ప్లేనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలలుగా నేను దాని ఇంట్లోనే ఉన్నాను.

ఈ ప్రయాణానికి కారణం ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే నీనా. ఆమె హాస్పిటల్లో నర్సు. తాత ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. నీనా తల్లి అడెలాకి డెబ్భై మూడేళ్లు, లఫీట్‌లో ఒంటరిగా ఉంటోంది. పోయిన ఆగస్టు తుఫానుకి ఆ ఇంట్లోకి కిటికీల దాకా నీళ్లొచ్చాయి. అమ్మ కోసం నీనా ఒక గది సిద్ధం చేసి, తీసుకురావడానికి రెండుసార్లు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చింది. తల్లి ఒకటే మాట అంటుందట: మా అన్న ఇక్కడున్నాడు, వాణ్ణి వదిలి రాను. ఆ అన్న 1965 తుఫానులో పోయాడు. శవం దొరకలేదు. అతను పనిచేసిన చోట ఇప్పుడు అంతా నీళ్లే. మంచు కమ్మిన పొద్దుల్లో ఆ నీళ్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుందని అక్కడి చేపలవాళ్లు చెబుతారు.

సుజాత ఇంట్లో ఉప్మా తింటూ నీనా ఇదంతా చెప్పింది. చివర్లో నావైపు తిరిగింది. "మీరు దయ్యాలు లేవని పుస్తకాలు రాశారట కదా ఆంటీ. ఆ చప్పుడు మామయ్య కాదని తేలితే అమ్మ వస్తుంది. తేలకపోతే వచ్చే తుఫానుకి ఆ ఇంట్లోనే పోతుంది."

నేను వెంటనే ఒప్పుకున్నాను. బాణామతి పేరు చెప్పి మనుషుల పళ్లు రాలగొట్టిన ఊళ్లలో నిలబడి వాదించినదాన్ని. ఒక ముసలావిడని ఒప్పించలేనా అనుకున్నాను.

ష్రీవ్‌పోర్ట్ దాటాక పులిహోర పొట్లాలు విప్పాం. సుజాత మెల్లగా మొదలుపెట్టింది.

"అత్తా, ఒక్క రిక్వెస్ట్. అక్కడ డిబేట్ పెట్టకు. పెద్దావిడ."

"నాకు అరవై ఆరు. నాతో ఎవరూ ఇంత మర్యాదగా ఉండరే?"

"నువ్వు ఛాన్స్ ఇస్తేగా."

మధ్యాహ్నం లఫయెట్‌లో పెట్రోలు పోయించుకున్నాం. అక్కడి నుంచి చాలాసేపు వంతెన మీదే ప్రయాణం. కింద నల్లటి నీళ్లలో చెట్లు నిలబడి ఉంటాయి. న్యూ ఆర్లీన్స్ దగ్గర నది దాటి దక్షిణానికి తిరిగాక రోడ్డు సన్నబడింది. ఇళ్లన్నీ పొడవాటి స్తంభాల మీదికెక్కాయి. రోడ్డుకి రెండు వైపులా పెద్ద పెద్ద చెట్లు బెరడు ఊడిపోయి, ఒక్క ఆకు లేకుండా తెల్లగా నిలబడి ఉన్నాయి. సముద్రపు ఉప్పు నీరు వేళ్లలోకి ఎక్కి అవి చచ్చిపోయాయి. కారణం నాకు తెలుసు. తెలిసినా వాటి మధ్య నుంచి వెళుతున్నంతసేపూ కారు అద్దాలు ఎత్తే ఉంచమన్నాను.

నాలుగింటికి లఫీట్ చేరాం. అక్కడితో రోడ్డు అయిపోతుంది. బస చేయాలంటే చేపలు పట్టడానికి వచ్చేవాళ్ల కోసం చిన్న గదులున్నాయి కానీ మమ్మల్ని అడెలా పోనివ్వలేదు. పొట్టి మనిషి, తెల్లజుట్టు జడ వేసుకుంది. మెట్లెక్కుతుంటేనే వాసన తగిలింది. చీరాల సంతలో పెరిగిన ముక్కుకి ఆ వాసన వేరే చెప్పక్కర్లేదు. ఎండు రొయ్యలు. అన్నంలోకి అదే కూర. సుజాత శాకాహారి కాబట్టి అన్నం, పెరుగుతో సరిపెట్టుకుంది.

తిన్నాక అడెలా తనవాళ్ల కథ చెప్పింది. స్పెయిన్ పాలన రోజుల్లో మనీలా నావికులు ఓడల మీద కొరడా దెబ్బలు భరించలేక దూకి పారిపోయి, ఎవరూ వెతకని ఈ రొంపి నేలలో దాక్కున్నారని వాళ్ల పెద్దలు చెప్పేవారట. నీళ్ల మీద కర్రలు పాతి ఊళ్లు కట్టుకున్నారు. అలాంటి ఊళ్లలో ఒకటి మనీలా విలేజ్, బరటారియా అఖాతం మధ్యలో. అక్కడ ఊరంటే ఒక పెద్ద చెక్క తిన్నె, దాని అంచున ఇళ్లు. ఉడకబెట్టిన రొయ్యల్ని తిన్నె మీద ఎండబోసేవారు. ఎండాక మగవాళ్లు పాదాలకి గోనెపట్టా చుట్టుకుని, వాటి మీద గుండ్రంగా తిరుగుతూ తొక్కేవారు. పొట్టు విడిపోయేది. ఆ పనిని వాళ్లు రొయ్యల డాన్సు అనేవారు. మొదట్లో పాటలు పాడేవారట. ఎండ ముదిరాక పాట ఆగిపోయి అడుగుల చప్పుడొక్కటే మిగిలేదట. అన్న ఫెలిపె వెనకాల పన్నెండేళ్ల అడెలా కూడా తిరిగేది. 1965 తుఫాను రాత్రి, అడెలాకి పాతికేళ్లప్పుడు, అందరూ పడవలెక్కారు. తాళ్లు విప్పడానికి వెనక్కి వెళ్లిన ఫెలిపె తిరిగి రాలేదు. పొద్దున్నకి తిన్నె కూడా లేదు.

1898లో స్పెయిన్ ఫిలిప్పీన్స్ దేశాన్ని రెండు కోట్ల డాలర్లకి అమెరికాకి అప్పజెప్పింది. ఆ బేరం కుదిరిన బల్ల దగ్గర ఒక్క ఫిలిప్పీనోకీ చోటు లేదు. కొన్నవాడి దేశానికి కూలికి వచ్చినవాళ్లలో అడెలా తండ్రి ఒకడు. ఆయన్ని అమెరికా జెండా కింది మనిషి అన్నారు, పౌరుడు మాత్రం కాదన్నారు.

"మమ్మల్ని స్పెయిన్ అమ్మింది. మిమ్మల్ని ఎవరు అమ్మారు?" అని అడిగింది అడెలా.

"మమ్మల్నెవరూ అమ్మలేదు. ఇంగ్లీషువాళ్లు వ్యాపారానికని వచ్చి ఉండిపోయారు."

"అయితే మీ ధర మీకు తెలియదన్నమాట," అని నవ్వింది.

అదను చూసి నేను మొదలుపెట్టాను. చనిపోయిన శరీరానికి అడుగులుండవని, భయం చెవిని మోసం చేస్తుందని, అన్నీ వరసగా చెప్పాను. సుజాత నా కాలు తొక్కుతూనే ఉంది. అడెలా శ్రద్ధగా విన్నది.

"ఆ చప్పుడు మీరు విన్నారా?"

"లేదు."

"మరి ఎలా తెలిసింది?"

నేను జీవితమంతా ఎదుటివాళ్లని అడిగిన ప్రశ్న అది. నువ్వు చూశావా, నువ్వు విన్నావా అని. అదే ప్రశ్న ఆమెని తిరిగి అడిగాను. ఆమె కూడా వినలేదు. విన్నామని చేపలవాళ్లు చెప్పడమే తప్ప ఆమె ఎన్నడూ అక్కడికి వెళ్లలేదు. వెళ్లి అన్న గొంతు వినాల్సి వస్తుందేమోనని భయం. చివరికి ఆమే అన్నది, ఇద్దరం కలిసి విందాం, అది ఫెలిపె అయితే నేను ఇక్కడే ఉంటాను, కాకపోతే మీ కారెక్కుతాను అని. పక్కింట్లో రొయ్యల పడవ నడిపే రే అనే అతను తీసుకెళతానన్నాడు. మంచు పడితేనే అన్నాడు.

మర్నాడు పొద్దున కిటికీ తీస్తే ఎదురుగా ఉన్న రోడ్డే కనబడలేదు.

ఆరున్నరకి పడవెక్కాం. మార్చిలో కూడా నీటి మీద చలి ఎముకల్లోకి దిగుతుంది. వెళ్లేవాళ్లు మందపాటి కోటు, రబ్బరు బూట్లు మర్చిపోవద్దు. అడెలా ఒళ్లో ఫ్లాస్కు నిండా కాఫీ. రే ముందు చిన్న తెర మీద మ్యాపు వెలుగుతోంది. అందులో మా పడవ గుర్తు పచ్చటి నేల మీద నుంచి పోతోంది. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు. మ్యాపు పాడైందా అని అడిగాను.

"మ్యాపు బాగానే ఉందండీ. నేలే పోయింది," అన్నాడు రే.

అలా లేని నేల మీద గంటకు పైగా వెళ్లాం. ఒకచోట రే ఇంజిన్ ఆపేశాడు. మంచులో అతని ముఖమే నాకు సరిగా కనబడటం లేదు. మొదట పడవ అంచుకి నీళ్లు తగిలే శబ్దం. తర్వాత అదీ ఆగింది.

అప్పుడు వినబడింది.

ధప్ మని ఒక అడుగు, వెంటనే ఈడ్చినట్టు ఒక రాపిడి. మళ్లీ ధప్, మళ్లీ రాపిడి. దూరంగా, నీటి మట్టానికి కాస్త పైన, చెక్క మీద బరువైన మనుషులు గోనె చుట్టిన కాళ్లతో తిరుగుతున్నట్టు. రే టోపీ తీసేశాడు. సుజాత గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి. నేను రాసిన పుస్తకాల్లోంచి ఒక్క వాక్యం గుర్తు రాలేదు.

అడెలా కళ్లు మూసుకుని కూర్చుంది.

దగ్గరికి పోనివ్వమన్నాను. రే కదల్లేదు. అతని తండ్రి కూడా ఇంతకంటే దగ్గరికి పోలేదట. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఏభై ఏళ్లు ఒక ఊరంతా చప్పుడు విని, ఒక్కడూ నాలుగు బారల దూరం వెళ్లి చూడలేదు. నేనేదో అనేలోపు అడెలా కళ్లు తెరవకుండానే పొమ్మంది. రే గడ వేసి పడవని నెట్టాడు.

మంచులోంచి కర్ర మొద్దులు బయటపడ్డాయి, నల్లగా, నాచు పట్టి, వరసలుగా. అది మనీలా విలేజ్. ఒక మొద్దుకి తుప్పు గొలుసుతో వెడల్పాటి పలక ఒకటి వేలాడుతోంది. నీటి పోటుకి లేచి మొద్దుని కొడుతోంది, జారుతూ రాసుకుంటోంది. నా భయమంతా ఒక్కసారి గర్వంగా మారింది. చూశారా, ఇదీ మీ దయ్యం అన్నాను.

"పలక కొడుతోంది, సరే. పలకని కదిపేదెవరు?" అన్నాడు రే.

"పోటు."

రే భుజాలెగరేశాడు. అడెలా పలక వైపు చూడలేదు. ఇంకా వింటోంది.

"ఇది అలసిపోవడం లేదు," అన్నది.

"చచ్చినవాళ్లకి అలుపేంటి మిస్ అడెలా?" అన్నాడు రే.

"అయితే ఫెలిపె కాదు. మూడో చుట్టుకే కాళ్లు లాగుతున్నాయని ఏడ్చేవాడు. మా నాన్న తిట్టేవాడు. తిన్నె మీద మనుషులెవరూ ఇలా ఒకే తీరున తొక్కలేరు. కాసేపటికి అడుగు జారుతుంది, లయ పోతుంది." ఫ్లాస్కు మూత తీసి, ఫెలిపె కోసమే తెచ్చినట్టు, కాఫీ నీళ్లలో పోసింది. "పోదాం."

రే ఇంజిన్ తాడు మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడు నాకు తేడా తెలిసింది. చప్పుడు నెమ్మదించింది. ధప్ కి, రాపిడికి మధ్య ఎడం పెరిగింది. తర్వాతి అడుగు ఆలస్యంగా పడింది. కాలు ఈడ్చుకుంటున్న మనిషిలా.

ఇంజిన్ మోగితే ఆమెకి ఇది వినబడదు. మా కారెక్కుతుంది. నీనా నాకు జన్మంతా కృతజ్ఞతలు చెబుతుంది. కానీ సగం సాక్ష్యం దాచి గెలవడం నా చేత కాదు. అదే పని చేసే స్వాములతోనే కదా నా పేచీ అంతా. "ఆగండి, వినండి," అన్నాను అడెలాతో. సుజాత నన్ను కొట్టేలా చూసింది.

నలుగురం విన్నాం. ఒక అడుగు. చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత లేదు.

"పోటు నిలిచిపోయిన వేళ ఇది. నీరు కదలకపోతే పలకా కదలదు," అన్నాను. నిజమే చెప్పాను. నురగ కూడా ఉన్నచోటే ఉంది. కానీ నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

అడెలా లేచి నిలబడింది. పడవ ఊగింది. మంచులోకి, వాళ్ల నాన్న భాషలో ఏదో గట్టిగా అరిచింది. మేస్త్రీలు అలసినవాళ్లని మళ్లీ లేపే కేక అట, తర్వాత చెప్పింది. ఆ కేకకి ఫెలిపె ఎప్పుడూ ఏదో ఒక తిట్టుతో జవాబిచ్చేవాడట. కేక నీళ్ల మీద పరుచుకుని పోయింది. ఎదురుచూశాం. ఎంతసేపో చెప్పలేను. మొద్దుల మధ్య నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎక్కడా చుక్క కదల్లేదు.

"నేను పిలిస్తే వాడు పలక్కుండా ఉండడు," అన్నది అడెలా. కూర్చుని జడ ముందుకి వేసుకుంది. "ఇక్కడ లేడు. నడువు రే, నీనా ఎదురుచూస్తుంటుంది."

శనివారం ఉదయం ఏడింటికి తిరుగు ప్రయాణం. రెండు పెట్టెలు, బియ్యం కుక్కరు, ఒక సంచీడు ఎండు రొయ్యలు. సుజాత కారులో ఆ వాసన నెల రోజులు ఉంటుందని ఒప్పుకునే ఎక్కించింది. వంతెన దాటేదాకా అడెలా వెనక్కి తిరగలేదు.

బరటారియాకి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇది. అక్కడ చూడటానికి కొన్ని మొద్దులు తప్ప ఏమీ లేదు. చుట్టుపక్కల ఎవర్నడిగినా దయ్యాల కథ చెబుతారు. మనీలా నుంచి వచ్చినవాళ్లు ఎవరు, ఎందుకు పారిపోయి వచ్చారు, వాళ్ల దేశాన్ని ఎవరు ఎవరికి అమ్మారు అని అడిగితే రేకి కూడా తెలియదు. బతికిన మనుషుల్ని మర్చిపోయి, వాళ్ల దయ్యాల్ని మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నారు. నాకు దయ్యాల మీద ఉన్న కోపంలో ఇది కొత్తగా చేరిన భాగం.

ష్రీవ్‌పోర్ట్ దగ్గర వాన మొదలైంది. నేను వెనక సీట్లో అడెలా పక్కన ఉన్నాను. ఆమె కిటికీకి తలానించి నిద్రపోతోంది. సుజాత పాటలు ఆపేసింది.

"అత్తా, ఏంటా సౌండ్?"

కిందికి చూశాను. బూట్లు విప్పి, మేజోళ్లతో ఉన్న అడెలా పాదాలు కారు పట్టా మీద లేస్తున్నాయి, పడుతున్నాయి. ఒకటి నొక్కి, ఒకటి ఈడ్చి. ముఖంలో ఏ కదలికా లేదు.

"ఏం లేదు. నిద్రలో కాళ్లు కదుపుతోంది," అన్నాను.

చప్పుడుకి కారణం నా కళ్ల ముందే ఉంది. అయినా ప్లేనో వచ్చేదాకా నా పాదాలు నేల మీద పెట్టలేకపోయాను.