వాడిన పూలు తీసుకొనబడును

పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క నేను తిరువూరులోనే ఉండిపోయిన రోజుల్లో మా అక్క పత్తి చేలకు కూలికి వెళ్ళేది. పురుగుమందు కొట్టే మగవాళ్ళకు డ్రమ్ముల్లోకి నీళ్ళు మోయడం ఆవిడ పని. అరచేతుల చర్మం పొరలు పొరలుగా లేచిపోయేది. తర్వాత దగ్గు మొదలైంది. మందు కొట్టే చేనుకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. ఎ.కొండూరు నుంచి గంపలగూడెం దాకా మందు కొట్టని చేను ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

పూల కొట్టు ఆలోచన అక్కడ పుట్టింది. పర్యావరణం మీద ప్రేమతో పెట్టానని తర్వాత కొందరన్నారు. అక్క మళ్ళీ ఆ చేలోకి దిగకూడదు, అంతే నా ఉద్దేశం. మందు లేకుండా పండేవి, రోజూ అమ్ముడుపోయేవి ఏమేమిటని రాసుకుని, కుదరనివి కొట్టేసుకుంటూ పోతే చివరికి బంతి, చామంతి, కనకాంబరం మిగిలాయి.

గంపలగూడెం రోడ్డులో, ఏమీ పండదని ఒక రైతు వదిలేసిన చిన్న పొలం చెక్కను కౌలుకు తీసుకున్నాం. సెల్‌ఫోన్లు వచ్చాక మూతపడిన ఒక ఎస్టీడీ బూత్ గది బస్టాండు దగ్గర అద్దెకు దొరికింది. బావ నడిపే షేర్ ఆటోలోనే బుట్టలు వచ్చేవి.

మాది చర్చికి ప్రార్థనకు వెళ్ళే ఇల్లు. మా సంఘంలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు. అమ్మకు ఈ వ్యాపారం మొదటినుంచీ మింగుడు పడలేదు.

"మన జడలో పెట్టుకోని పూలు ఊళ్ళోవాళ్ళ జడల్లో పెట్టి బతుకుతారా?" అంది.

"మిఠాయి కొట్టాయనకి షుగరొస్తే కొట్టు మూసేస్తాడా అమ్మా?" అంది అక్క.

ఆ చెక్క నిజంగానే చచ్చిన నేల. మొదటి బంతి నారు పసుపుపచ్చగా మారి కూలబడింది. నేలకు ఎరువు కావాలి. చుట్టుపక్కల పశువుల పెంట అంతా ఎవరి పొలానికి వాళ్ళు తోలుకునేవారు. ఊళ్ళో ఊరికే పోయేదేమిటని చూస్తే, పూలే. గుడిలో స్వామికి వేసి తీసిన దండలు కాలవలోకి పోతాయి. పెళ్ళయిన మర్నాడు కల్యాణ మండపం వెనక పూలు కుప్పగా పడి ఉంటాయి. శ్మశానంలో సమాధుల మీద ఎండిపోయి ఉంటాయి. అన్నీ తెచ్చాను. ఎవరూ వద్దనలేదు. పూజారిగారైతే పారేసే బాధ తప్పిందని సంతోషించారు కూడా. అక్క కూర్చుని దండల్లోంచి జరీ, ప్లాస్టిక్ పూసలు, దారాలు ఏరేసేది. పూలూ పేడనీళ్ళూ పొరలు పొరలుగా గుంటలో వేసేవాళ్ళం. కుళ్ళే బంతిపూల కంపు ఎంత గాఢంగా ఉంటుందో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. అది పోయాక మిగిలేది నల్లటి, తేలికైన మట్టి. వాన పడితే ఎలా ఉంటుందో అలాంటి వాసన.

రెండో ఏటికి చెక్క నిండా పూలు. అక్క దగ్గు పూర్తిగా పోలేదు గానీ, మెట్లెక్కితే ఆయాసం రావడం తగ్గింది. అరచేతులు నునుపయ్యాయి. అమ్మ ఆ చేతులు పట్టుకుని చూసి, ఇక పూల గురించి ఏమీ అనలేదు.

మాఘంలో పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందు నేను కొట్టు ముందు బోర్డు రాయించాను. అంకెలు వేసి ఐదు వాక్యాలు. అరటినారతోనే కడతాం. ఆకులోనే చుట్టి ఇస్తాం, ప్లాస్టిక్ కవరు ఇవ్వం. పూలకు రంగు వేయం. థర్మోకోల్ వాడం. ఐదోది: గుడి, కల్యాణ మండపం, శ్మశానాల నుంచి వాడిన పూలు తీసుకొనబడును, ఆ ఎరువుతోనే మా పూలు పెంచబడును. నాకు అన్నిటికంటే ఐదోదే ముఖ్యం. మిగిలినవి ఎవరైనా చేస్తారు.

ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక కుటుంబం వాళ్ళు మండపం అలంకరణ, పూలజడ, దండలు అన్నీ మాకే చెప్పి ఉన్నారు. ఆ పెళ్ళి చూస్తే మిగతావాళ్ళూ వస్తారని అక్క ఆ ఒక్క పెళ్ళికోసం చామంతి ఎక్కువ వేసింది. పెళ్ళికూతురి మేనమామ జడ ఎలా ఉండాలో చెప్పడానికి వచ్చి, కొట్టు ముందు నిలబడి బోర్డు చదివాడు. పైకే చదివాడు. చివరి వాక్యం దగ్గర గొంతు ఆగింది.

"ఏమయ్యా, శవం మీద దండ తెచ్చి మా పిల్ల జడలో పెడతావా?"

"దండ కాదండి, ఎరువండి. కుళ్ళిపోయాక మట్టేనండి అది."

"మట్టైతే మాత్రం? ఎక్కడి మట్టో చూడొద్దా?"

"మీ మాగాణిలో వేసే పెంట ఎక్కడిదని అడుగుతున్నారా అండి?"

"అన్నం వేరు, పెళ్ళి వేరు. మీకు పట్టింపులుండవు, మాకుంటాయి."

"కనీసం మొక్కలు చూడండి, తోటకి రండి," అంది అక్క లోపలినుంచి.

"తోటకెందుకమ్మా, బోర్డు మీదే ఉందిగా," అన్నాడు.

సాయంత్రానికి బస్టాండు చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. మా పేరే 'శ్మశానం పూలోళ్ళు' అయిపోయింది. మర్నాడు బోర్డు తీసేస్తే, ఇప్పుడు దాస్తున్నారన్నారు. మిగతా నాలుగు వాక్యాలు ఎవరికీ గుర్తులేవు. మా సంఘం వాళ్ళకు ఇలాంటి పట్టింపు లేదు గానీ, వాళ్ళు పూలు కొనరు.

ఆ పెళ్ళికి విజయవాడ నుంచి పూలు వచ్చాయి. రోడ్డు మీదినుంచే చూశాను. థర్మోకోల్ హంసలు, నీలం రంగులో ముంచిన చామంతులు. ఆ చామంతులు ఏ ఊళ్ళో పెరిగాయో, ఏ మట్టిలో పెరిగాయో అక్కడ ఒక్కరూ అడిగి ఉండరు. మర్నాడు పొద్దున మండపం మీదుగా వెళ్తుంటే వెనక నీలం పూల కుప్ప కనిపించింది. వాచ్‌మన్ నవ్వాడు.

"ఏం సార్, ఇవాళ ఎత్తుకెళ్ళరా?"

అక్క ఒక దారి చెప్పింది. "ఆ ఎరువు మానేశామని చెప్పరా."

"అబద్ధమెందుకు?"

"అబద్ధమెందుకవుద్ది? నిజంగానే మానేద్దాం. పేడ కొందాం."

మానేశాం. గుంట పూడ్చాం. కొట్టుకు వచ్చినవాళ్ళకు నేనే చెప్పాను. విని, తలూపి, పక్క కొట్టుకు వెళ్ళేవాళ్ళు. పెళ్ళికోసం వేసిన చామంతి చెట్ల మీదే విచ్చుకుని, చెట్ల మీదే నల్లబడింది. అక్క ఆ సాళ్ళలోకి వెళ్ళడం మానేసింది. ఎండలు ముదిరాక కొట్టు తాళం యజమానికి ఇచ్చేశాను.

చెక్క అయినా ఉంచుకుందామనుకున్నాం, కూరగాయలు వేసుకోవచ్చని. కౌలు మాట్లాడటానికి రైతు వచ్చాడు. వంగి పిడికెడు మట్టి తీసి నలిపి చూశాడు.

"నేల బాగుపడిందమ్మాయ్. ఈ ఏడు పాత కౌలుకి ఇవ్వలేను," అన్నాడు.

"బాగు చేసింది మేమే గదండీ!" అంది అక్క.

"కాదన్నానా? మీరు కాబట్టే ముందు మిమ్మల్నడుగుతున్నా."

ఆయన అడిగినంత ఇవ్వడం మా వల్ల కాలేదు. వానలు పడగానే ఆయన అందులో పత్తి వేశాడు. కూలీలకోసం మొదట మా ఇంటికే కబురు పంపాడు. నేను వెళ్ళొద్దన్నాను.

"వద్దంటావు సరే, ఏం తినమంటావో అదీ చెప్పు," అంది అక్క. అప్పటికి నాకింకా విజయవాడలో ఉద్యోగం రాలేదు.

అక్క ముక్కుకీ నోటికీ తువ్వాలు కట్టుకుని వెళ్ళేది. సాయంత్రం వచ్చాక ముందు ఆ తువ్వాలు ఉతికి ఆరేసేది, తర్వాతే ఎవరితోనైనా మాట్లాడేది. మాట్లాడితే దగ్గు తెర వచ్చేది. కొన్నాళ్ళకు తువ్వాలు ఆరేసి, మాట్లాడకుండానే అన్నం పెట్టుకోవడం మొదలుపెట్టింది.