రంగిపో ఇసుకలో స్టాండు గుర్తులు

దయ్యాల సంగతి రాసేవాళ్ళందరూ ముందుగా తమకు నమ్మకం లేదనే చెప్తారు. నాకూ లేదు. పైగా నమ్మేవాళ్ళతో కూర్చుని పోట్లాడిన చరిత్ర ఉంది. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివాను. ఆక్లాండ్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీ గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కడితే, "ఇక్కడి దయ్యాలు మన కారానికి తట్టుకుంటాయా ఆంటీ?" అని అడిగాను. రెండు వారాలు ఆవిడ నాతో మాట్లాడలేదు. కాబట్టి ఇది ఎవర్నీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

2004, ఏప్రిల్ సెలవులు. మేం న్యూజిలాండ్ వచ్చి రెండేళ్ళయింది. నేనూ, మావారు సుధాకర్, ఐదేళ్ళ మా అమ్మాయి మేఘన కారులో వెల్లింగ్టన్ బయల్దేరాం. దారిలో రంగిపో ఎడారి వస్తుంది. వానలూ మంచూ కురిసే దేశంలో ఎడారేమిటని అడక్కండి, నేనూ వాదించాను. అగ్నిపర్వతం చిమ్మిన నల్ల ఇసుకా, రాళ్ళూ, అక్కడక్కడా గడ్డి దుబ్బులూ, ఆగని గాలీ. రోడ్డుకి పడమర వైపు రువాపెహు కొండ, నెత్తిన మంచుతో.

ఆ కొండని చూడగానే కారాపమన్నాను.

"పది నిమిషాలండీ."

"నీ పది నిమిషాలు నాకు తెలియనివా? కోటైనా వేసుకెళ్ళు."

"ఫోటోకి వెళ్తున్నా, పేరంటానికి కాదు."

మేఘన వెనక సీట్లో నిద్రపోతోంది. నా ఒంటి మీద సన్నటి స్వెట్టరు, మెడలో కెమెరా, అంతే. కెమెరా పెట్టే నా అల్యూమినియం స్టాండు డిక్కీలో సూట్‌కేసుల కింద ఉండిపోయింది. అవన్నీ దింపమంటే మావారు ఇంకో పాఠం చెప్తారని అడగలేదు.

ఈ ఫోటోల పిచ్చి నాకు మా పెదనాన్న అంటించింది. తెనాలిలో ఆయనకు స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళూ పాస్‌పోర్ట్ సైజులూ పొట్టకోసం. ఆదివారం మాత్రం కృష్ణ ఇసుకలోకి వెళ్ళేవాడు, నన్ను వెంటేసుకుని. చెక్క స్టాండు భుజాన వేసుకుని నడిచి, పది అడుగులకోసారి దించి, వంగి చూసి, తల అడ్డంగా ఊపి మళ్ళీ ఎత్తుకునేవాడు.

"ఇక్కణ్ణించి బానే ఉంది కదా పెదనాన్నా, కాళ్ళు కాలిపోతున్నాయి."

"నీకు బాగుంటే సరిపోద్దా? వెలుగుని వీపు మీద పెట్టుకుని నడువు. నోరు తర్వాత."

ఆ స్టాండుకి రెండు కాళ్ళకే ఇనప మొనలుండేవి. మూడోది ఊడిపోతే, ముసలివాళ్ళ చేతికర్ర అడుగున ఉండే రబ్బరు బూటు పెదనాన్నే తెచ్చి తొడిగాడు. దాంతో ఇసుకలో రెండు సూది గుంటలు, ఒక గుండ్రటి గుర్తు పడేవి. నేను వాటిని లెక్కపెట్టుకుంటూ వెనక నడిచేదాన్ని. ఒకసారి ఆ రబ్బరుతో పెన్సిలు గీతలు చెరుగుతాయేమోనని బ్లేడుతో ఒక ముక్క కోశాను. చెరగలేదు, కాగితమంతా నల్లగా అయింది. పెదనాన్న తిట్టలేదు. "స్టాండుకి కూడా నీ పోలికే వచ్చిందే, ఓ పక్క వంకర," అని నవ్వాడు.

రంగిపోలో ఒక్కో దిబ్బా దాటుతూ, ఇంకొంచెం ముందుకెళ్తే కొండ బాగా కనిపిస్తుందని నడిచాను. ముప్ఫై ఐదు ఫోటోలయ్యాయి. రీల్లో ఒక్కటి మిగిలింది. కెమెరా కంటి మీంచి దించేసరికి కొండ లేదు. పొగమంచు దిగింది. వెనక్కి తిరిగితే రోడ్డూ లేదు.

భయపడలేదు. కొండ పడమర, రోడ్డు తూర్పు. మంచులోంచి సూర్యుడు తెల్లటి బిళ్ళలా కనిపిస్తున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది, చలికాలం ముందర, కాబట్టి సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. అతన్ని కుడిచేతి వైపు పెట్టుకుంటే తూర్పుకి వెళ్తాను. ఇంత లెక్క కట్టి, ఫిజిక్స్ చదివినందుకు నన్ను నేనే మెచ్చుకుని, గంటకు పైగా చకచకా నడిచాను.

తప్పు ఎక్కడుందో మీకు తట్టే ఉంటుంది. ఈ దేశంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఆ నెల్లోనే ఆక్లాండ్ శివార్లలో, ఫ్లాట్ బుష్‌లో ఇల్లు చూపించిన ఏజెంటు "నార్త్ ఫేసింగ్, రోజంతా ఎండ" అని మురిసిపోతే, నాకు తూర్పు వాకిలే కావాలని అతనితో అరగంట వాదించాను. ఉత్తరం వాకిలికి ఎండెందుకొస్తుందని అడగలేదు. నా ఒంట్లో ఇంకా తెనాలి సూర్యుడే ఉన్నాడు. నేను రోడ్డుకి కాదు, కొండ వైపు, ఎడారి లోపలికి నడిచాను.

మంచు చిక్కబడి ఆ బిళ్ళ కూడా మాయమయ్యాక గానీ ఈ సంగతి వెలగలేదు. అప్పటికి ఏ దిక్కు ఏదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. అరిచాను. గాలి నా గొంతుని నా నోటి దగ్గరే లాగేసుకుంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, నీళ్ళు లేవు. ఐదున్నరకు చీకటి. ఆ చలికి సన్నటి స్వెట్టరుతో తెల్లారేదాకా ఎవరూ బతకరని నాకు తెలుసు. మేఘన లేచి, "అమ్మేది?" అంటే మావారు ఏం చెప్తారా అన్న దగ్గర నా వాదనలన్నీ అయిపోయాయి. ఒక రాయి పక్కన కూలబడ్డాను.

అక్కడే కనిపించాయి. తడి ఇసుకలో రెండు సూది గుంటలు, ఒక గుండ్రటి గుర్తు.

నావే అనుకున్నాను. నా స్టాండు కారులో ఉందని వెంటనే గుర్తొచ్చింది. లేచి చూస్తే పది అడుగుల అవతల మళ్ళీ అవే మూడు. ఆ పక్కన మరో మూడు. వాటి పక్కన మనిషి అడుగులు లేవు. నా బూట్ల జాడ మాత్రం నేనొచ్చిన దారిన స్పష్టంగా ఉంది. ఋజువు కావాలి కదా అని, ఒంగి, మిగిలిన ఆ ఒక్క ఫోటో తీశాను.

ఆ గుర్తులు నేను వెళ్దామనుకున్న వైపుకి వెళ్ళడం లేదు. నా జీవితంలో మొదటిసారి, ఎదురు మాట్లాడకుండా వెనక నడిచాను. చిన్నప్పటిలాగే లెక్కపెట్టాను. మూడు వందలు దాటాక లెక్క తప్పింది. ఎంతసేపో తెలియదు, మంచు కాస్త పల్చబడి, నా ముందు నీడ పడింది. వెలుగు నా వీపు మీద ఉంది. కాసేపటికి ఎక్కడో కారు హారన్ ఆగకుండా మోగుతున్న చప్పుడు.

మావారు రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ఒక ట్రక్కు డ్రైవరు సాయానికి ఆగాడు. పాపని వదిలి రాలేక, దిబ్బ దాకా వచ్చి అరిచి వెళ్ళారట, ఎన్నోసార్లు. "ఎక్కడ చచ్చావే!" అని నా రెండు భుజాలూ పట్టుకుని ఏడ్చేశారు. నన్ను "ఒసే" అని కూడా ఎప్పుడూ అనని మనిషి.

పెదనాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ వారమే తెనాలి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా స్టాండు ఎక్కడుందని పెద్దమ్మని అడిగాను.

"ఎక్కడుంటుందే? కాళ్ళు విరగ్గొట్టి చిక్కుడు పందిరికి పెట్టాం. రెండేళ్ళకి చెద పట్టాయి, పొయ్యిలో పెట్టేశాను. ఇప్పుడెందుకే నీకది?"

ఊరికేనన్నాను.

మావారి వాదన ఒకటే. కొండెక్కేవాళ్ళు కర్రలు పట్టుకెళ్తారు, అవి ఆ గుంటలు, అడుగుల్ని గాలి చెరిపేసింది. అడుగుల్ని చెరిపిన గాలి సూది గుంటల్ని ఎందుకు వదిలేసిందని ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను. మేఘన ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో ఇంజనీరు. "మామ్, ఇట్స్ జస్ట్ హోల్స్," అంటుంది. నా కూతురే, వాదించక ఏం చేస్తుంది?

నేను వాళ్ళకి చెప్పనిది ఒకటుంది. రీలు కడిగించాక ఆ ముప్ఫై ఆరో ఫోటో భూతద్దం పెట్టి చూశాను. రెండు సూది గుంటలు, ఒక గుండ్రటి గుర్తు. ఆ గుండ్రం నిండుగా లేదు. ఒక పక్కన చిన్న ముక్క తక్కువ, తిన్నగా, బ్లేడుతో కోసినట్టు.

ఆ ఫోటో నా బీరువాలో చీరల మధ్య ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. అరికాళ్ళకు కృష్ణ ఇసుక వేడి తగులుతుంది.